కళ్లు జతచేసే మనిషి

తప్పులుంటే మన్నించాలి. అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో ఇప్పటికీ తడుముకుంటాను. నేను ఒక పేజీ రాసేలోపు మా అమ్మాయి వంట ముగించి, గిన్నెలు కడిగి, తన వ్యాను కూడా తుడుచుకుంటుంది. ఇంకొక మాట. ఇది నా కథే గాని, "నేను" అని రాయబోతే కలం మొరాయిస్తోంది. అందుకని "ఆమె" అని రాస్తున్నాను. ఎవరి సంగతో చెబుతున్నట్టు కాస్త ధైర్యంగా ఉంటుంది.

ఆమె భర్తకు ఫోటో స్టూడియో ఉండేది. ఆయన ఉన్నన్నాళ్లూ ఆమెకు చదువుతో పని పడలేదు. పేపరు ఆయన చదివి వినిపించేవారు. బస్సు బోర్డు ఆయన చూసేవారు. మందు సీసా మీద ఏం రాసి ఉందో ఆయనే చెప్పేవారు. ఆయన పోయాక ఎటు తిరిగినా అక్షరాలే అడ్డం తగిలాయి. ఒకరోజు పొద్దున్నే పళ్లు తోముకుంటుంటే నోరంతా నురగ. ఎంత పుక్కిలించినా పోదు. కూతురు వచ్చి చూసి, అది నాన్న గడ్డం గీసుకునే క్రీమని చెప్పి, నవ్వు ఆపుకోలేక నేలమీద కూర్చుండిపోయింది. ఆమె కూడా నవ్వింది. తరువాత ఆ ట్యూబును వాసన చూసి, పారేయకుండా మళ్లీ అదే అరలో పెట్టింది. ఆ వారంలోనే లైబ్రరీ మేడమీద పెద్దవాళ్లకు చదువు చెప్పే గదికి వెళ్లి కూర్చుంది.

అక్కడ కూరగాయలమ్మే ఆవిడ ఉండేది, ఒక వాచ్‌మన్ ఉండేవాడు. టీచరమ్మ పదవీవిరమణ చేసిన మనిషి. గొంతు మాత్రం చేయలేదు. ఆమె తొందరగానే అందుకుంది. మొదట తనంతట తాను చదివింది స్టూడియో బోర్డు. పెళ్లయిన నాటినుంచీ ఆ బోర్డు కిందనుంచే లోపలికి వెళ్లింది, బయటికి వచ్చింది. అందులో ఏ అక్షరం ఏదో తెలియకుండానే దాని ఎర్రరంగు, కుడివైపు పెచ్చు ఊడిన చోటు కంఠతా వచ్చు. ఆరోజు రోడ్డు మధ్యలో నిలబడి "ఫో... టో" అని కూడబలుక్కుంది. వెనకనుంచి ఆటో హారను కొడుతున్నా కదల్లేదు.

ఆ సంతోషం ఒక ఏడాది నిలిచిందో లేదో, అక్షరాలు పేచీ పెట్టడం మొదలుపెట్టాయి. మాటకు మొదలు కనబడుతుంది, చివర కనబడుతుంది, నడుమ మాత్రం తడి చెయ్యి పడ్డట్టు అలుక్కుపోతుంది. గీసిన గీత తిన్నగా ఉండదు, ఆరబెట్టిన ఫోటో కాగితం అంచులా వంకర తిరుగుతుంది. టీచరమ్మ ఒకరోజు, "ఏమ్మా, నడిమి అక్షరం మింగేస్తున్నారు, ఆకలిగా ఉందా?" అంది. గదంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది గాని లోపల చచ్చేంత సిగ్గు. ముసలి బుర్ర, ఎక్కింది ఎక్కినట్టే దిగిపోతోంది అనుకుంది. కూతురికి చెప్పలేదు. ఇంటికెళ్లి వచ్చిన అక్షరాలనే పలకమీద మళ్లీ మళ్లీ దిద్దింది. కంటికి వచ్చిన జబ్బుకు పాపం చేతిని శిక్షించింది.

చివరికి కనిపెట్టింది టీచరమ్మే. ఆమె కన్ను నలుపుకుంటూ చదువుతుంటే, ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని చదవమంది. గడగడా చదివేసింది. ఇప్పుడు కుడి కన్ను మూసుకోమంది. పుస్తకం మధ్యలో బూడిదరంగు మరక తప్ప ఏమీ లేదు.

"మీకు రానిది చదువు కాదమ్మా," అంది టీచరమ్మ. గొంతు మొదటిసారి తగ్గింది. "షుగరుందా మీకు?"

"ఉంది. ఈ వయసులో ఎవరికి లేదు?" అంది ఆమె తేలిగ్గా. టీచరమ్మ అక్కడికక్కడే కూతురికి ఫోన్ చేసింది.

కూతురు బడిపిల్లల వ్యాను నడుపుతుంది. పిల్లల్ని దింపేసి, ఆ ఖాళీ వ్యానులోనే తల్లిని కంటి ఆసుపత్రికి తీసుకెళ్లింది. దారంతా తిట్టింది. ముందే ఎందుకు చెప్పలేదంది. చదువు రావడం లేదని ఎవరైనా చెప్పుకుంటారా అని ఆమె ఎదురు అడిగింది.

ఆసుపత్రిలో పరీక్ష చేసే పిల్ల ఆమెను ఎగాదిగా చూసి, చదువురానివాళ్ల చార్టు వేలాడదీసింది. మూడు కాళ్ల గుర్తు ఎటు తిరిగి ఉందో చేత్తో చూపించాలి. "అక్షరాల చార్టు పెట్టమ్మా, నాకు చదువొచ్చు," అంది ఆమె. ఆ మాట ఒకరితో అనడం జన్మలో అదే మొదలు. పెట్టారు. కుడి కన్ను మూసి పైవరుస చదివింది. కింద వరుసల్లో నడిమి అక్షరాలు లేవు. వచ్చిన చదువు చెప్పుకునే రోజునే తిరిగి అప్పగించమన్నట్టయింది.

తరువాత ఆ పిల్ల కనుపాపలు విచ్చుకునే చుక్కలమందు తెచ్చింది. మందు వేసేముందు టార్చి వేసి ఒక కన్ను చూసింది, ఇంకో కన్ను చూసింది, మళ్లీ మొదటి కన్ను చూసింది. సీసాకు మూత బిగించి, డాక్టరమ్మను పిలుచుకొచ్చింది.

డాక్టరమ్మ గదిలో దీపం ఆర్పి చూసింది, వెలిగించి చూసింది. కంటి పక్కన చిన్న స్కేలు ఆనించి చూసింది. కుడి కనుపాప పెద్దగా ఉంది, ఎడమది చిన్నగా ఉంది, ఎప్పటినుంచి అలా ఉందని అడిగింది.

"నాకు కనబడేవి ఎదుటివాళ్ల కళ్లమ్మా. నావి నాకేం తెలుసు?" అంది ఆమె.

కూతురు వంగి తల్లి కళ్లలోకి చూసింది. ముదురురంగు కళ్లు. దీపం దగ్గరగా పట్టుకుంటే తప్ప కనుపాప ఎక్కడ ఆగిందో తెలియదు. ఇన్నేళ్లు ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాను గాని ఇది ఎన్నడూ చూడలేదని చెప్పి, అదేదో తన తప్పయినట్టు తల దించుకుంది.

డాక్టరమ్మ నిదానంగా విడమరిచి చెప్పింది. కొందరికి పుట్టుకతోనే రెండు కనుపాపలూ ఒక కొలతలో ఉండవు, దానివల్ల ఏ హానీ లేదు. అలా కాక ఈమధ్యే వచ్చిందంటే, నరం దెబ్బతిందో, తలలో ఏమైనా ఉందో చూడాలి. షుగరు ముదిరినవాళ్ల కనుపాపలు ఎలాగూ బిగుసుకుని సరిగా కదలవు కాబట్టి తన పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకోవడానికి లేదు. మందు వేస్తే రెండూ విచ్చుకుపోయి ఈ తేడా కనబడదు, అందుకే ఆపించింది. పాత ఫోటో ఒకటి తెస్తే తేలిపోతుంది. అప్పుడూ ఇంతే ఉంటే కంటి వైద్యం రేపే మొదలు. లేదంటే ముందు పెద్దాసుపత్రికి వెళ్లి తలకు స్కాను తీయించుకుని, నరాల డాక్టరు సరేనన్నాకే కంటి పని.

"అప్పటిదాకా కన్ను ఆగుతుందా?" అని కూతురు అడిగింది.

"ఆగడం దానికి ఇష్టం ఉండదమ్మా. లోపలి తెర నడుమ ఉబ్బుతున్నట్టుంది. ఎన్ని రోజులు ఆగితే అంత చూపు వెనక్కి రాదు."

ఆమెకు అర్థమైంది ఒక్కటే. నిన్నగాక మొన్న వచ్చిన అక్షరాలు పోతాయి. కూతురు మాత్రం ఊపిరి పీల్చుకుంది. "ఫోటోలా? మా ఇంట్లో గోడలకంటే ఫోటోలే ఎక్కువ డాక్టరుగారూ," అంది.

ఇంటికి వచ్చి ఆల్బములన్నీ మంచంమీద గుమ్మరించారు. పెళ్లినాటి ఆమె, ఒళ్లో బిడ్డతో ఆమె, స్టూడియో మెట్లమీద ఆమె, పూలకుండీ పక్కన ఆమె. కూతురు భూతద్దం పెట్టి ఒక్కొక్కటీ చూసింది. అన్నిటిలోనూ రెండు కళ్లూ గుండ్రంగా, సమానంగా, ఒక్కొక్కదాంట్లో చిన్న తెల్ల చుక్కతో మెరుస్తున్నాయి. చూస్తున్నకొద్దీ కూతురి ముఖంలో రంగు దిగిపోయింది. అంటే ఇది కొత్తగా వచ్చిందే. పెద్దాసుపత్రికి వెళితే బడిపిల్లల్ని ఎవరి వ్యానుకు అప్పగించాలో, ఎన్ని రోజులు సెలవు పెట్టాలో అప్పుడే లెక్కవేయడం మొదలుపెట్టింది.

ఆమె మాత్రం ఫోటోలను చూడటం లేదు, ఆ తెల్ల చుక్కలను చూస్తోంది. ఆ చుక్క ఆమెకు బాగా తెలుసు. పిల్లి మీసమంత సన్నటి కుంచెతో, ఊపిరి బిగబట్టి, అన్నిటికంటే చివర ఆయన పెట్టే చుక్క అది.

స్టూడియోలో ఉత్తరపు కిటికీ దగ్గర ఆయన వాలుబల్ల ఉండేది. బల్లకు మధ్యలో కంత, కింద అద్దం. అద్దం మీద పడ్డ వెలుతురు నెగటివులోంచి పైకి వచ్చేది. సూదిలా చెక్కిన పెన్సిలుతో ఆ నెగటివు మీద ఆయన పని మొదలుపెడితే, పక్కన పెట్టిన టీ మీద మీగడ కట్టేది. మొటిమలు పోయేవి, కంటికింద గుంటలు పూడేవి. కళ్లు తేడాగా ఉంటే జతచేసేవారు. "కెమెరాకి మర్యాద తెలీదు. చూసింది చూసినట్టు వాగుతుంది. మర్యాద మనం చేర్చాలి," అనేవారు. ఎవరి ఫోటో అయినా సరే, రెండు కళ్లూ ఒక తల్లి పిల్లల్లా ఉండాలి. ఒకసారి మెల్లకన్ను దర్జీ తన ఫోటో చూసుకుని, ఇతనెవరో బాగున్నాడు, నాది ఇవ్వండి అన్నాడు. ఆ మాట చెప్పుకుని ఇంట్లో వారంపాటు నవ్వుకున్నారు. ఆ మందుల ఘాటు, ఎర్రబల్బు, తడి ఫోటోలు క్లిప్పులకు వేలాడుతూ కారే చప్పుడు, పరీక్షగా ఆమె ముఖం చూసి గడ్డం కింద వేలుపెట్టి "కొంచెం ఎడమకి" అనే ఆయన గొంతు, అన్నీ ఒక్కసారి వచ్చి మంచం చుట్టూ నిలబడ్డాయి.

"ఇవేవీ పనికిరావే," అంది కూతురితో. "ఇవన్నీ మీ నాన్న కళ్లు. నావి కావు."

కూతురికి విషయం అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. నాన్న చెయ్యి తగలని ఫోటో ఒక్కటైనా లేదా అని ఇల్లంతా వెతికింది. గుర్తింపు కార్డులమీద ఉన్నవీ స్టూడియోలో తీసినవే. ప్రభుత్వం దగ్గరున్న నీ మొహం కూడా నాన్న దిద్దిందేనమ్మా, అని తల పట్టుకుంది. పెళ్లికి ముందు ఆమెకు ఫోటో అన్నదే లేదు. బంధువులు తీసిన గుంపు ఫోటోల్లో ముఖమే ఆవగింజంత, ఇక కళ్లెక్కడ? ఆధారులో, ఫోనులో ఉన్నవాటిలో ఆ ముదురురంగు కళ్లు ఉత్త నల్లమచ్చలే.

అప్పుడు ఆమెకు ఇంకో సంగతి తట్టింది. దిద్దాడంటే చూశాడన్నమాట. భూతద్దం కింద పెట్టుకుని కాపురమంతా చూశాడు. ఒక్కనాడు చెప్పలేదు. గడ్డం కింద వేలుపెట్టి ముఖం తిప్పినప్పుడల్లా తన ముఖం అంటే అంత మక్కువ అనుకుంది. వంక దాచడానికి తిప్పాడా? ఆయన పోయాక ఏడుపు వచ్చింది గాని కోపం రాలేదు. ఇదే మొదటిసారి. పెదవులు కదులుతుంటే కూతురు ఏంటమ్మా అంది.

"మీ నాన్నని తిడుతున్నాను."

"గట్టిగా తిట్టకు. పక్కింటివాళ్లు నన్ననుకుంటారు."

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ స్టూడియోకి వెళ్లారు. ఇప్పుడు దాన్ని నడిపేది చీకటి బాబాయి. ఆమె భర్త దగ్గర డార్క్‌రూములో ఫోటోలు కడిగిన మనిషి. ఎప్పుడూ చీకట్లో ఉండేవాడని పిల్లలు పెట్టిన పేరు, అదే ఊరంతా నిలిచిపోయింది. ఇప్పుడు అక్కడ జిరాక్సులు తీస్తారు, ఫోన్లకు అద్దాలు అతికిస్తారు. వాలుబల్ల మాత్రం కిటికీ దగ్గరే ఉంది. దానిమీద చార్జర్ల కట్టలు పేర్చి ఉన్నాయి. ఆమె చెయ్యి దానంతట అదే బల్ల అంచును తడిమింది. ఆయన మోచెయ్యి ఆని నున్నబడిన గుంట అక్కడే ఉంది.

కూతురు సంగతంతా చెప్పి, నెగటివులేమైనా ఉన్నాయా అని అడిగింది. చీకటి బాబాయి తల గోక్కున్నాడు. అవి ఎప్పుడో ఫిల్ములోంచి వెండి తీసి అమ్ముకునేవాళ్లు పట్టుకుపోయారు. ఉన్నా లాభం లేదు, పెన్సిలు పడింది వాటిమీదే కదా.

"నా కన్ను ఇలా ఉందని నీకు తెలుసా?" అని ఆమె నేరుగా అడిగింది.

"తెలుసు వదినా."

"మరి ఇద్దరూ కలిసి నన్ను మోసం చేశారన్నమాట."

చీకటి బాబాయి కాసేపు చార్జర్లు సర్దాడు. "ఒకసారి నేనే అడిగాను వదినా. ఎవరెవరివో అయితే సరే, మీ ఆవిడవి ఎందుకు దిద్దుతున్నావన్నా, అని. ఆయన పెన్సిలు ఎత్తకుండానే చెప్పాడు. ఊరు చూసే ఫోటోకి ఊరు మెచ్చే కళ్లు పెడతాను, అసలువి నాకు ఇంట్లో ఉన్నాయి కదరా, అని."

ఆమె బల్లమీద గుంటలో వేలు అలాగే ఉంచింది. చీకటి బాబాయి మాట మార్చడానికన్నట్టు, అయినా కొత్త లైటు వచ్చినా, కొత్త లెన్సు వచ్చినా ముందు ఆ స్టూలుమీద కూర్చున్నది మీరే కదా, ఎన్ని టెస్టు ప్రింట్లు తీశామో, వాటికెవరు పెన్సిలు పెట్టారు, అమ్ముకునేవా ఏమన్నా, అని వాపోయాడు. ఒక్కటి దాచుకున్నా ఇవాళ పనికొచ్చేది. అన్నీ ఎక్కడికి పోయాయో.

ఎక్కడికి పోయాయో ఆమెకు తెలుసు. స్టూడియో వెనకగదిలో ఫోటోలకు ఫ్రేములు కట్టింది ఆమే. అద్దం, దానివెనక ఫోటో, ఫోటో కదలకుండా పనికిరాని కాగితాల దొంతర, ఆపైన అట్ట, సన్నమేకులు, చివరికి జిగురు పూసిన గోధుమరంగు కాగితం. ఆ దొంతరకు వాడినవి పాడైన ప్రింట్లు, టెస్టు ప్రింట్లు. ఎవరివో చూడకుండా బోర్లించి పెట్టేసేది. ఊళ్లో ఎవరి ఇంట ఏ గోడమీద, ఎవరి ఫోటో వెనక తను ఉందో దేవుడికే తెలియాలి. కాని ఇంట్లో ఉన్న పెద్ద ఫ్రేముకు మాత్రం ఆయనే వచ్చి ఒక కట్ట చేతికిచ్చి, దీనికి ఇవే పెట్టు అన్నారు. అప్పుడు ఆమె మేకులు నోట్లో పెట్టుకుని ఉంది. ఎందుకని అడగలేకపోయింది. తరువాత మరిచిపోయింది.

"బండి తియ్యవే," అంది కూతురితో.

ఆ ఫ్రేము కూతురి ఇంట్లోనే నడిమిగదిలో వేలాడుతుంది. ఎత్తు కుర్చీలో ఆమె, రెండు కళ్లలో రెండు చుక్కలు. దించి మంచంమీద బోర్లా పడుకోబెట్టారు. గోధుమరంగు కాగితం ఆమె చేత్తో అంటించిందే, మూలన ఆమె బొటనవేలి జిగురు ముద్ర ఎండి ఉంది. చాకుతో కోసింది. కూతురు పట్టుకారుతో మేకులు పీకబోతే, వద్దని తనే పీకింది. కట్టిన చేతులకే విప్పడం తెలుస్తుంది.

దొంతరలో మొదట ఖాళీ స్టూలు వచ్చింది. తరువాత ఆమె చెవి, చెవి వెనక జుట్టు. తరువాత చారలు చారలుగా సగం నల్లబడ్డ ఆమె ముఖం. అన్నిటికీ అడుగున, ఫోటో వీపుకు ఆనుకుని, పుస్తకమంత ప్రింటు ఒకటి. కొత్త లెన్సు ఎంత నిఖార్సుగా చూస్తుందో తెలుసుకోవడానికి కళ్లవరకే పెద్దది చేసి తీసింది. రెప్పవెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. తెల్ల చుక్కలు లేవు, దిద్దిన గీత లేదు. దీపం వెలుతురులో కుడి కనుపాప చొక్కా గుండీ అంత ఉంటే, ఎడమది దానిపక్కన మిరియపుగింజ.

కూతురు ఆ కాగితాన్ని గుండెకు అదుముకుని వెక్కి వెక్కి ఏడ్చింది, మధ్యమధ్య నవ్వింది. పుట్టుకతోనేనమ్మా, పుట్టుకతోనే, అంటూ తల్లి భుజాలు ఊపేసింది. ఆమె ప్రింటు అందుకుని, మసకగా ఉన్న ఎడమ కన్ను మూసుకుని, తనను తాను చూసుకుంది. వయసులో ఉన్న కళ్లు. ఒకటి ఎదుటిమనిషి చెప్పింది పూర్తిగా నమ్మినట్టుంది, రెండోది చూద్దాంలే అన్నట్టుంది. ఎదుట కెమెరా వెనక ఉన్నది ఆయనే కాబట్టి, రెండూ నిజమే అయి ఉండాలి అనుకుంది.

డాక్టరమ్మ ఆ ప్రింటు పక్కన స్కేలు పెట్టి, ఆమె కళ్ల పక్కన మళ్లీ స్కేలు పెట్టి, తేడా అప్పుడెంతో ఇప్పుడూ అంతే అంది. ఇంత మంచి సాక్ష్యం తనకు ఎవరూ తెచ్చి ఇవ్వలేదంది. సీసా మూత తీయించింది. చుక్కలు పడ్డాక ప్రపంచమంతా తెల్లటి వెలుగైపోయింది. కంటిలోకి సూదిమందు అంటే ఆమె భయపడింది గాని, అది చేసే పనికంటే ఆ పేరే ఎక్కువ నొప్పి. తరువాత నెలల్లో మళ్లీ ఇచ్చారు, ఆ తరువాత లేజరు వేశారు. షుగరు అదుపులో లేకపోతే మళ్లీ మొదటికే వస్తుందని డాక్టరమ్మ బెదిరించి పంపింది. ఆ బెదిరింపును కూతురు ఇంటికి తెచ్చి వంటగదిలో కాపలా పెట్టింది.

చూపు పూర్తిగా రాలేదు. గీత ఇప్పటికీ ఒకచోట కాస్త వంగుతుంది. కాని నడిమి అక్షరాలు వచ్చాయి. టీచరమ్మ పుస్తకం ముందుపెడితే, ఏదీ మింగకుండా చివరిదాకా చదివింది. కూరగాయలావిడ చప్పట్లు కొట్టింది.

ఫ్రేము మళ్లీ కట్టేటప్పుడు కూతురు ఆ కళ్ల ప్రింటునే ముందు పెడదామంది. అసలైన నువ్వు ఇదే కదమ్మా, అంది.

"వద్దు," అంది ఆమె, నోట్లోంచి మేకు తీసి. "ముందున్నది మీ నాన్న చేసింది. వెనకున్నది మా అమ్మ చేసింది. ఎక్కడివక్కడ ఉండనీ."

దొంతర మునుపటి వరుసలోనే పేర్చింది. ఈసారి బోర్లించలేదు. కళ్ల ప్రింటును ఫోటో వీపుకు ఆనించి పెట్టి, మేకులు కొట్టి, కొత్త కాగితం అంటించింది. పాతదానిమీద జిగురు ముద్ర ఉన్న మూలనే, ఇప్పుడు తనకు చేతనైంది కాబట్టి, పెన్సిలు సూదిలా చెక్కి తన పేరు రాసింది.

ఊళ్లో నన్ను అందరూ పిలిచే పేరు స్టూడియో అమ్మ. నాకు అరవైతొమ్మిదేళ్లు. ఇప్పుడు కూతురి ఇంట్లో, వ్యాను నిలిపే చోటికి ఎదురుగా ఉన్న గదిలో ఉంటున్నాను.